కరెంటు కొంచెం కొంచెంగానే ఎందుకు పెడతారు?

మా వైపు పల్లెల్లో రేడియేషన్ అనే మాట ఎవరూ వాడరు. "ఫలానావాళ్ళ కోడలికి కరెంటు పెట్టించారంట" అంటారు. ఆ ఒక్క ముక్కతో వినేవాళ్ళకి క్యాన్సరని అర్థమైపోతుంది. ఆ తరవాత గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

1997లో మా పెద్దమ్మకి గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సరని తేలింది. ఇంకా ముదరలేదు, నయం కావడానికి మంచి అవకాశం ఉందన్నారు. అయిదు వారాలపాటు వారానికి అయిదేసి చొప్పున మొత్తం 25 సిట్టింగులు బయటినుంచి పెట్టాలి, ఆ పైన లోపల పెట్టేది వేరే ఉంటుంది అని చెప్పి సర్కారు ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఎనిమిది అయ్యాయి. ఆదివారం చూడ్డానికి వెళ్తే ఆవిడ నన్నో ప్రశ్న అడిగింది. "ఒరే అబ్బాయ్, అది అంత మంచి వైద్యమే అయితే ఆ పెట్టేదేదో ఒక్కసారే పెట్టి పంపెయ్యొచ్చుగా? రోజూ ఇంతింత ఏవిటి? నన్నిక్కడ కూచోబెట్టడానికి కాకపోతే?"

అప్పటికే నేను హేతువాద సంఘంలో తిరుగుతున్నాను. బాబాలు గాల్లోంచి విభూతి తీసే గుట్టు బడి పిల్లలకి చేసి చూపించేవాణ్ణి. ఆవిడకి మాత్రం "డాక్టర్లు చెప్పారుగా పెద్దమ్మా, వాళ్ళకి తెలీదా?" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే, "స్వామివారు చెప్పారుగా" అనే జవాబుకి అదేమంత దూరంలో లేదు.

ఆ వారమే ఆవిడకి విరేచనాలు పట్టుకున్నాయి. పొత్తికడుపుకి రేడియేషన్ ఇస్తే చాలామందికి అలా అవుతుంది, మందులతో తగ్గుతుంది. అదెవరూ ముందుగా విడమరిచి చెప్పినట్టు లేదు. కరెంటు పేగుల్ని కాల్చేస్తోందని పక్క మంచంవాళ్ళు చెప్పారు. పెదనాన్న బండి కట్టించుకుని ఊరికి తీసుకుపోయాడు. అక్కడ ఒకాయన ఆకు పసరు పోశాడు. మూణ్ణెల్ల తరవాత రక్తస్రావం ఆగక మళ్ళీ తీసుకెళ్తే ఇక చేసేదేమీ లేదన్నారు.

ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు నాకు చాలా ఏళ్ళ తరవాత దొరికింది. రేడియేషన్ వైద్యం చరిత్రంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుందని అప్పుడు తెలిసింది.

రాంట్‌గెన్ ఎక్స్‌రేలని కనిపెట్టింది 1895 నవంబరులో, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో. సంగతి బయటికి పొక్కిన కొద్ది వారాలకే ఐరోపాలోనూ అమెరికాలోనూ కనిపించిన రోగమల్లా ఈ కిరణాలకి చూపించడం మొదలైంది. 1896 జనవరిలోనే షికాగోలో ఒక రొమ్ము క్యాన్సరు రోగికి వైద్యం చేశానని ఎమిల్ గ్రబ్బీ అనే ఆయన చెప్పుకున్నాడు. చాలా పుస్తకాల్లో మొదటి రేడియేషన్ వైద్యుడుగా ఆయన పేరే ఉంటుంది. అయితే ఆయన ఆ సంగతి అచ్చులో పెట్టింది 1933లో, అంటే 37 ఏళ్ళ తరవాత! ఇలాంటివాటిని మనం మామూలుగా ఎలా చూస్తామో అలాగే చూడాలి. రికార్డు సరిగ్గా ఉన్నది లియోపోల్డ్ ఫ్రాయిండ్ అనే వియన్నా డాక్టరుది. 1896 చివర్లో ఆయన అయిదేళ్ళ పిల్లకి వీపు మీది వెంట్రుకల మచ్చకి రోజుకి రెండేసి గంటలు ఎక్స్‌రేలు పెట్టాడు. వెంట్రుకలైతే రాలాయి గాని వీపు పుండై చాలాకాలం మానలేదు. ఆ పిల్ల బతికింది. 70 ఏళ్ళ తరవాత ఆవిణ్ణి మళ్ళీ పరీక్ష చేసి, వీపు ఎలా ఉందో పత్రికలో ప్రచురించారు. డెబ్భై ఏళ్ళ తరవాత పాత రోగిని వెతికి పట్టుకుని మన తప్పు ఏమైందో చూద్దామనుకోవడం నాకైతే గొప్పగా అనిపించింది. మన పసరు వైద్యుడి దగ్గర ఏడు నెలల కిందటి రోగి పేరుకూడా ఉండదు.

ఆ రోజుల్లో అసలు సమస్య మోతాదు. కిరణాలు కంటికి కనబడవు, వాసన రాదు, ఒంటికి తగిలితే తెలియదు. ఎంత ఇచ్చామో కొలిచే సాధనం లేదు. చర్మం ఎర్రబడితే చాలినంత పడిందని లెక్క. ట్యూబు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి చాలామంది డాక్టర్లు పొద్దున్నే తమ చెయ్యే అడ్డం పెట్టి చూసుకునేవారు. ముందు గోళ్ళు పోయాయి, తరవాత వేళ్ళు, తరవాత చేతులు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీకి రెండు చేతులూ తీసేయాల్సివచ్చింది, 1904లో చనిపోయాడు. దాంతో ఎడిసన్ ఆ పనే మానుకున్నాడు. గ్రబ్బీ గొప్పలు చెప్పుకున్నా ఆయనకి కూడా ఎడం చెయ్యి పోయింది. 1936లో హాంబర్గ్‌లోని ఒక ఆస్పత్రి ఆవరణలో ఇలా చనిపోయినవాళ్ళ కోసం ఒక రాయి నిలబెట్టి నూటయాభైకి పైగా పేర్లు చెక్కారు. తరవాత్తరవాత పేర్లు పెరుగుతూ పోయాయి.

రేడియం సంగతి ఇంకా విచిత్రం. 1898లో క్యూరీ దంపతులు దాని ఉనికి కనిపెట్టారు. బెకెరెల్ దాన్ని చొక్కా జేబులో వేసుకుని తిరిగితే అక్కడ చర్మం కాలింది. అది చూసి పియేర్ క్యూరీ కావాలనే తన చేతికి రేడియం కట్టుకుని, ఏ రోజు పుండు ఎలా ఉందో రాసుకున్నాడు. ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని పాడుచేసేది పాడైన చర్మం మీదకూడా పనిచెయ్యొచ్చని డాక్టర్లకి తోచింది అలాగే. 1903లోనే న్యూయార్కులో మార్గరెట్ క్లీవ్స్ అనే డాక్టరు గర్భసంచి ముఖద్వారం క్యాన్సరుకి లోపల రేడియం పెట్టి చూసింది. మా పెద్దమ్మకి జరగాల్సి ఉండి జరగని "లోపల పెట్టేది" అదే. వందేళ్ళకి పైగా ఆ పద్ధతి మెరుగుపడుతూ నిలబడింది.

అదే రేడియాన్ని బజారువాళ్ళు కూడా పట్టుకున్నారు. క్రీములు, టూత్‌పేస్టులు, తాగే నీళ్ళు అన్నిట్లోనూ రేడియమే. 1920లలో అమెరికాలో విలియం బెయిలీ అనే ఆయన, డాక్టరు కాకపోయినా ఆ వేషం కట్టి, రేడిథార్ అనే బలం మందు అమ్మాడు. చిన్న సీసాలో నీళ్ళు, ఆ నీళ్ళలో నిజంగానే రేడియం. ఎబెన్ బైయర్స్ అని పిట్స్‌బర్గ్‌లో ఒక కోటీశ్వరుడు, 1906లో అమెరికా అమెచ్యూర్ గోల్ఫ్ చాంపియన్. రైల్లో బెర్తు మీంచి పడి చెయ్యి నొప్పిగా ఉంటే 1927 చివర్లో ఎవరో ఇది తాగమన్నారు. మొదట్లో ఒళ్ళు తేలికైనట్టు అనిపించిందట. దాదాపు 1400 సీసాలు తాగాడు. రేడియం రసాయనికంగా కాల్షియం లాంటిది కాబట్టి తిన్నగా ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. దవడ ఎముక చాలావరకు తీసేయాల్సివచ్చింది. 1932 మార్చిలో చనిపోయాడు. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ కాలంలో రేడియం ఉందని చెప్పి వట్టి నీళ్ళు అమ్మినవాళ్ళు దొంగలే అయినా ఎవర్నీ చంపలేదు. సీసా మీద రాసిందే నిజాయితీగా లోపల పోసినవాడు చంపాడు.

ఇది పాత కథేమీ కాదు. 5జి టవర్ల నుంచి కాపాడతాయంటూ అమ్మే లాకెట్లూ కడియాలూ కొన్నిటిని 2021లో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ పరీక్ష చేయిస్తే, వాటినుంచే హానికరమైన రేడియేషన్ వస్తోందని తేలింది. ఎక్కడాలేని రేడియేషన్ నుంచి రక్షణకోసం డబ్బిచ్చి నిజమైన రేడియేషన్ మెళ్ళో వేసుకున్నారన్నమాట.

మందూ విషమూ రెండూ ఒకటే పదార్థం అయినప్పుడు తేడా ఎక్కడుంది? ఎంత, ఎక్కడ, ఎన్నిసార్లు అనే లెక్కలో ఉంది. ఈ మూడింట్లో "ఎన్నిసార్లు" అనేదాన్ని తేల్చింది ఒక పొట్టేలు.

1920ల దాకా దీనిమీద రెండు వర్గాలుండేవి. జర్మనీలో ఎర్లాంగెన్ డాక్టర్లు మా పెద్దమ్మ పక్షం. గడ్డ చావడానికి ఎంత కావాలో లెక్కేసి అంతా ఒకే దెబ్బలో ఇచ్చెయ్యాలనేవారు. చిన్న చిన్న మోతాదులిస్తే గడ్డ మొండికేస్తుందని వాళ్ళ వాదన. వినడానికి అది సబబుగానే ఉంటుంది. పారిస్‌లోని రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో క్లాడియస్ రెగో అనే ఆయన దీన్ని పొట్టేళ్ళ మీద పరీక్షించాడు. పొట్టేలు వృషణాల్లో వీర్యకణాలు నిరంతరం తయారవుతూ ఉంటాయి, అంటే అక్కడి కణాలు క్యాన్సరు కణాల్లాగే ఆగకుండా విభజన చెందుతూ ఉంటాయి. పైన ఉన్న చర్మం మామూలు చర్మం. లోపలి కణాల్ని చంపి పైచర్మాన్ని బతికించడం అంటే క్యాన్సరు వైద్యం తాలూకు సమస్యే. ఒకే విడతలో ఇచ్చినప్పుడు పొట్టేలు గొడ్డుపోవాలంటే చర్మంకూడా భయంకరంగా కాలిపోయింది. అదే మోతాదుని రోజుల తరబడి విడతలుగా ఇస్తే పొట్టేలు గొడ్డుపోయింది, చర్మం మాత్రం నిలిచింది.

రెగో సహచరుడు ఆన్రీ కుటార్ ఈ పద్ధతినే గొంతు క్యాన్సరు రోగుల మీద వాడాడు. రోజూ కొంచెం కొంచెంగా, వారాల తరబడి. అంతకుముందు ఆశ వదిలేసుకునే జబ్బులు అవి. ఏళ్ళ తరవాత కూడా బతికున్నవాళ్ళని లెక్కపెట్టి చూపించేసరికి ఒకేసారి ఇచ్చెయ్యాలనే వాదం 1930లలో నెమ్మదిగా వెనక్కి తగ్గింది. వాదనలో ఓడిపోయి కాదు, లెక్కలో ఓడిపోయి.

ఎందుకలా జరుగుతుందో తెలియడానికి ఇంకో ముప్ఫై నలభై ఏళ్ళు పట్టింది. రేడియేషన్ కణం లోపలి డి.ఎన్.ఏ.ని తెంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం ఆ తెగిన పోగుల్ని కొన్ని గంటల్లో చాలావరకు అతికేసుకుంటుంది. క్యాన్సరు కణాలకి మామూలుగా ఆ పని అంత బాగా చేతకాదు. కాబట్టి రాత్రంతా విశ్రాంతి ఇస్తే మన కణాలు ఎక్కువ కోలుకుంటాయి, దాని కణాలు తక్కువ. ఇంకొకటి, ఆక్సిజన్ సరిగ్గా అందని కణాలు రేడియేషన్‌కి తేలిగ్గా చావవని 1953లో లూయీ హెరాల్డ్ గ్రే బృందం చూపించింది. గడ్డ నడిమధ్యలో ఉండేవి అలాంటివే. పై పొరల్లోవి చచ్చాక లోపలివాటికి ఆక్సిజన్ అందుతుంది, మర్నాటి విడతలో వాటి వంతు వస్తుంది. ఈ గ్రే పేరే 1975లో రేడియేషన్ కొలతకి పెట్టారు. మా పెద్దమ్మకి రోజుకి రెండు గ్రేల లోపే పడి ఉంటుంది.

దీనికి మరో వైపు కూడా ఉంది. విడతల మధ్య ఎక్కువ ఎడం వస్తే మిగిలిన క్యాన్సరు కణాలు పుంజుకుంటాయి. కొన్ని వారాల తరవాత అవి మొదటికంటే జోరుగా పెరగడం మొదలెడతాయి. ముఖద్వారం క్యాన్సరులో మొత్తం వైద్యం ఎనిమిది వారాలు దాటితే ఆ పైన గడిచే ఒక్కో రోజుకీ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని 1990లలో వేరువేరు దేశాల డాక్టర్లు రోగుల రికార్డులు తిరగేసి చూపించారు. మా పెద్దమ్మ ఊరికి పోయిన సంవత్సరానికే ఆ కాగితాలు అచ్చై ఉన్నాయి.

"ఎక్కడ" అనేదాన్ని యంత్రాలు చూసుకున్నాయి. పాత ఎక్స్‌రేలకి లోతుకి పోయే శక్తి చాలదు. కడుపులో గడ్డకి చాలినంత అందేలోపు చర్మం మాడిపోయేది. రేడియం కిరణాలకి శక్తి ఉంది గాని ధర? 1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి కానుకగా ఇచ్చిన ఒక్క గ్రాము ఖరీదు లక్ష డాలర్లు. అణు రియాక్టర్లు వచ్చాక ఈ ఇబ్బంది తీరింది. మామూలు కోబాల్ట్ లోహాన్ని రియాక్టరులో పెడితే కోబాల్ట్ 60 తయారవుతుంది. 1951 అక్టోబరు, నవంబరు నెలల్లో కెనడాలోని రెండు ఊళ్ళలో రోజుల తేడాతో దీంతో వైద్యం మొదలైంది. కోబాల్ట్ కిరణాలు చర్మం మీద కాకుండా అర సెంటీమీటరు లోపల అన్నిటికంటే ఎక్కువ మోతాదు ఇస్తాయి. చర్మం కాలడం అనే గోల దాంతో చాలావరకు తగ్గిపోయింది.

మన దేశానికి ఇది త్వరగానే వచ్చింది. బొంబాయి టాటా మెమోరియల్ 1941లో మొదలైంది, హైదరాబాదులో ఇప్పటి ఎమ్.ఎన్.జె. ఆస్పత్రి 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్ పేరుతో. నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ మద్రాసు అడయారుది. చెల్లెలు క్యాన్సరుతో పోవడం కళ్ళారా చూసిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి, దేవదాసీ దురాచారం మీద పోరాడిన ఆవిడే, ఏళ్ళ తరబడి తిరిగి 1954లో 12 మంచాలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచింది. ఆవిడ కొడుకు కృష్ణమూర్తి, మరుసటేడు చేరిన శాంత, ఇద్దరే డాక్టర్లు. 1950లు పూర్తికాకముందే కెనడానుంచి కోబాల్ట్ యంత్రం తెప్పించారు. నెల్లూరు, చిత్తూరు వైపు మనవాళ్ళు ఇప్పటికీ చాలామంది అక్కడికే పోతారు. కోబాల్ట్‌తో ఒక చిక్కుంది, అది అయిదేళ్ళ మూణ్ణెల్లకి సగమైపోతుంది. మూలకం మార్చడానికి డబ్బు మంజూరు కాకపోతే ఒక్కో రోగి బల్లమీద పడుకోవాల్సిన సమయం రెట్టింపవుతుంది, బయట వరస పెరుగుతుంది. అయినా కరెంటు కోతలున్న దేశంలో, రిపేరుకి ఇంజనీరు దొరకని చోట, ఆ మొరటు యంత్రమే లక్షలమందికి దిక్కయింది. భాభా అణుకేంద్రం వాళ్ళు 2000 దశకంలో భాభాట్రాన్ పేరుతో మన సొంత కోబాల్ట్ యంత్రం చేసి విదేశాలకి కూడా పంపారు. జనం మెచ్చుకోవాల్సినంతగా దీన్ని మెచ్చుకోలేదు.

లీనియర్ యాక్సిలరేటర్లు లండన్లో 1953లో, అమెరికాలో 1956లో వచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లో మొదటి రోగి రెండేళ్ళ పిల్లాడు. అప్పటికే ఒక కన్ను తీసేశారు, రెండో కంట్లో గడ్డ. ఆ కన్ను నిలిచింది. తరవాత సి.టి. స్కానులు, కిరణాన్ని గడ్డ ఆకారానికి మలిచే కంప్యూటర్లు, ప్రోటాన్లు. ప్రోటాన్ యంత్రం 2019లో చెన్నైకి కూడా వచ్చింది. వీటిగురించి కార్పొరేట్ ఆస్పత్రుల ప్రకటనల్లో కావలసినంత దొరుకుతుంది, నేను చెప్పక్కర్లేదు. ప్రకటనల్లో ఉండని ఒక యంత్రం గురించి చెబుతాను.

థెరాక్ 25 అని, కెనడాలో కోబాల్ట్ యంత్రాలు చేసిన కంపెనీదే. అంతకుముందు మోడల్లో తప్పు జరిగితే యంత్రాన్ని ఆపడానికి విడిగా మీటలు, ఫ్యూజులు ఉండేవి. ఇందులో అవన్నీ తీసేసి ఆ పనంతా సాఫ్ట్‌వేరుకి వదిలేశారు. 1986 మార్చిలో టెక్సాస్ లోని టైలర్ అనే ఊళ్ళో వీపుకి వైద్యం తీసుకుంటున్న ఒక రోగి తొమ్మిదో విడతకి వచ్చాడు. ఆపరేటరు కంప్యూటరులో పొరపాటున ఎక్స్‌రే అని కొట్టి, వెంటనే చూసుకుని ఎలక్ట్రాన్ అని దిద్దింది. చకచకా దిద్దేసింది, ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. అయస్కాంతాలు సర్దుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది, ఆ లోపల దిద్దితే ఆ మార్పు యంత్రంలో సగం భాగానికి అందదు. తెరమీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. దాని అర్థమేమిటో ఆపరేటరు చేతిలో ఉన్న పుస్తకంలో లేదు. అలాంటివి రోజుకి ఎన్నో వచ్చేవి కాబట్టి ఆవిడ అలవాటుగా "కొనసాగించు" మీట నొక్కింది. లోపల రోగికి వీపుమీద కరెంటు షాకు కొట్టినట్టైంది. లేవబోతుంటే రెండోసారి తగిలింది. రెండు గ్రేల లోపు పడాల్సినచోట 165 నుంచి 250 దాకా పడి ఉంటుందని తరవాత అంచనా వేశారు. అయిదు నెలలకి చనిపోయాడు.

కంపెనీ ఇంజనీర్లు వచ్చి చూసి, మా యంత్రం అలా ఎక్కువ మోతాదు ఇవ్వడం అసంభవం అన్నారు. ఏదో విద్యుత్ షాకు అయి ఉంటుందన్నారు. మూడు వారాలకి అక్కడే ఇంకో రోగి. ఈసారి ఆస్పత్రి భౌతికశాస్త్రవేత్త, ఆ ఆపరేటరూ కలిసి యంత్రం ముందు కూర్చున్నారు. ఏ మీట తరవాత ఏ మీట, ఎంత వేగంగా నొక్కిందో గుర్తుచేసుకుంటూ మళ్ళీ మళ్ళీ చేసి, చివరికి కావాలనుకున్నప్పుడల్లా "మాల్‌ఫంక్షన్ 54" రప్పించగలిగారు. అసంభవం అన్నది అప్పుడు సంభవమైంది. 1985 జూను నుంచి 1987 జనవరి మధ్య అమెరికా, కెనడాల్లో ఇలాంటి ప్రమాదాలు మొత్తం ఆరు, కనీసం ముగ్గురు చనిపోయారు. ఆ తప్పు పాత మోడల్లోనూ ఉండేదని, ఫ్యూజులు కాలిపోయి యంత్రం ఆగడంతో ఎవరికీ తెలియలేదని ఆ తరవాత బయటపడింది. ఇవాళ సాఫ్ట్‌వేరు భద్రత గురించి చదువుకునే ఇంజనీరింగు పిల్లలకి ఈ కథ పాఠం.

కొందరు మిత్రులు నాతో అన్నారు, ఇలాంటివి బయట చెప్పకు, అసలే జనం కరెంటంటే భయపడుతున్నారు అని. నేనలా అనుకోను. పక్క మంచంవాళ్ళు చెప్పిన మాటలో పావు వంతు నిజం ఉంది. రేడియేషన్ పేగుల్ని బాధిస్తుంది, తప్పుగా ఇస్తే చంపుతుంది. ఆ పావు నిజాన్ని మనం దాచబట్టే మిగతా ముప్పావు అబద్ధం దాని భుజాలమీద ఎక్కి ఊరేగుతుంది. హాంబర్గ్ రాతిమీద పేర్లున్నాయి, టైలర్ సంగతి సెకన్లతో సహా రాసి ఉంది. పసరు పోసినాయన చేతిలో పోయినవాళ్ళ లెక్క ఎక్కడుంది?

పెద్దమ్మ ఆస్పత్రి కార్డు చాలాకాలం పెదనాన్న ట్రంకు పెట్టెలో ఉండేది. 25 గళ్ళలో ఎనిమిదింట్లో తేదీలూ సంతకాలూ ఉన్నాయి.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. ఆవిడ ప్రశ్న తెలివితక్కువదేమీ కాదు. అన్ని విడతలు నిజంగా కావాలా అని ఇంగ్లండు డాక్టర్లే అనుమానించారు. రొమ్ము క్యాన్సరు ఆపరేషను తరవాత 25 బదులు 15 సిట్టింగులు చాలునని 2008లో ప్రచురించిన పరీక్షల్లో తేలింది. 2020లో ఇంకో ఫలితం వచ్చింది. నాలుగువేలమందికి పైగా రోగుల్ని చీట్లు తీసినట్టు గుంపులుగా విడదీసి అయిదేళ్ళు చూస్తే, ఒక్క వారంలో అయిదు సిట్టింగులు ఇచ్చినా మూడు వారాల వైద్యంతో సమానంగానే పనిచేసిందట. మా పెద్దమ్మకొచ్చిన జబ్బుకి కూడా తగ్గించి చూసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి తేలేదాకా దానికి అయిదు వారాలూ, ఆ పైన లోపల పెట్టేదీ తప్పదు.